ఎర్ర మాత్ర లెక్క

చెన్నై షావుకారుపేటలోని మింట్ వీధిలో ఏ మందుల షాపు ముందైనా సాయంత్రం పూట ఓ అరగంట నిలబడితే ఒకే మాట మూడు భాషల్లో వినిపిస్తుంది. తమిళంలో ‘సత్తు మాత్తిరై’, హిందీలో ‘తాకత్ కీ గోలీ’, మన ఇళ్లల్లో ‘బలం మాత్ర’. మొన్న నా ముందు వరసలో ఒక పెద్దావిడ, ఆమె వెనకాల కడుపుతో ఉన్న కోడలు. గోవిందప్ప నాయకన్ వీధి వైపు నుంచి నడిచి వచ్చినట్టున్నారు, ఇద్దరికీ ఆయాసంగా ఉంది.

“బలం మాత్రలియ్యి నాయనా. కోడలికి అయిదో నెల. ఆసుపత్రిలో ఇచ్చిన ఎర్రవి మింగితే వాంతొస్తా ఉంది. నీ దగ్గర మంచివుంటే అవి కూడా వేసుకుంటుంది.”

షాపతను పది మాత్రల అట్ట తీసి, కత్తెరతో ఆరు మాత్రల దగ్గర కోసి ఇచ్చాడు. కోసిన చోట అచ్చు తెగింది. ‘ఎలిమెంటల్ ఐరన్’ అన్న మాట పెద్దావిడ చేతిలోకి వచ్చింది. దాని పక్కనున్న ‘100 మి.గ్రా.’ షాపులోనే ఉండిపోయింది.

ఆ తెగిపోయిన అంకె ఎంత పెద్దదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. ‘బలం మాత్ర’ అన్న పేరు దగ్గరే మనకు చిక్కు మొదలవుతోంది. బలం ఎక్కువైతే ఎవరికి చేటు? ఒకటికి రెండు వేసుకుంటే తప్పేముంది? పిల్లలు నోట్లో వేసుకుంటే ఏమవుతుంది? పేరు బలం కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబు కూడా పేరులోంచే వచ్చేస్తుంది. కానీ ఆ మాత్రలో ఉన్నవి రెండు వేరువేరు మందులు, ఇనుమూ ఫోలిక్ యాసిడ్డూ. రెండింటి వల్లా మేలు ఎంత పెద్దదో, లెక్క తప్పితే వచ్చే కీడూ అంత పెద్దదే. పైగా ఆ కీడు ఒక్కోదానికి ఒక్కో తీరు.

ఇనుము సంగతి ముందు. మన ఒంట్లో మొత్తం మీద ఉండేది మూడు నాలుగు గ్రాములు. రోజూ రాలిపోయే పేగు పొరలతో, చర్మంతో, చెమటతో పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు నెలసరిలో మరికొంత. ఎక్కువైన ఇనుమును మూత్రంలోకో మలంలోకో పంపించే ఏర్పాటు ఒంటికి లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రపిండాలు చూసుకుంటాయి, ఇనుముకు అలాంటి కాపలా లేదు. ఉన్న కాపలా అంతా లోపలికి వచ్చే దారిలోనే. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోను, నిల్వ చాలనుకున్నప్పుడు పేగు దగ్గర తలుపు మూస్తుంది. అందుకే మోతాదు మీరనంత వరకు నోటి మాత్ర చాలామందికి నిరపాయం. ఒకేసారి గుప్పెడు మింగితే మాత్రం ఆ తలుపు తట్టుకోలేదు.

అట్ట మీద అంకె చూడమనేది ఇందుకే. ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాములు అని రాసి ఉంటే అందులో అసలు ఇనుము సుమారు 60 నుంచి 65. ఫ్యూమరేట్‌లో బరువుకు మూడో వంతు. గ్లూకొనేట్‌లో ఎనిమిదో వంతు. ఆస్కార్బేట్ అట్టల మీద తరచూ అసలు ఇనుమే 100 అని వేస్తారు. పేర్లు పక్కన పెట్టి, ‘ఎలిమెంటల్’ అన్న మాట పక్కనున్న అంకె ఒక్కటి చూస్తే చాలు. ఆ పెద్దావిడ కోడలికి ఆసుపత్రిలో ఇచ్చిన ఎర్ర మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. షాపు మాత్ర దానికి తోడైతే రోజుకు ఇనుము 160. తమిళనాడులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ప్రసూతి సహాయ పథకం కింద ఇచ్చే పోషకాహార కిట్టులో ఐరన్ టానిక్కు కూడా ఉంటుంది. అదీ కలిపితే? ఇన్ని చేతులు ఇన్ని వైపుల నుంచి ఇస్తున్నప్పుడు మొత్తం కూడే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. 160తో ప్రాణం మీదికి రాదు. కానీ కడుపులో మంట, మలబద్ధకం, వాంతి పెరుగుతాయి, చివరికి ఆమె అన్నీ మానేస్తుంది. రక్తహీనత ఉందని డాక్టరే రోజుకు రెండు ఎర్ర మాత్రలు రాస్తే అది వేరే లెక్క, దానికి రక్తపరీక్ష ఆధారం ఉంటుంది.

ఇక రెండో మందు. దాని కథ చెప్పాలంటే షావుకారుపేట నుంచి అరగంట నడిస్తే చాలు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా మద్రాసు మెడికల్ కాలేజీ ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదివింది అక్కడే. ఖద్దరు కట్టి తరగతికి వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది. పేగులు తిండిని పట్టించుకోక, విరేచనాలతో, రక్తం పలచబడి మనిషి శల్యమైపోయే జబ్బు అది. తనకూ ఆ జబ్బు సోకిందనీ, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నాడనీ ఆయన జీవిత చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. తర్వాత లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత బోస్టన్ చేరాడు. హార్వర్డులో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి చేసిన పనికే ఇంకెవరైనా జీవితమంతా పేరు చెప్పుకుని బతికేవారు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాక ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. ఏడాది తిరక్కుండానే ఆ పసుపు పొడి స్ప్రూ రోగుల మీద పనిచేస్తోందని వైద్యులు చూశారు. అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి చేతి మీదుగానే ఆ జబ్బుకు మందు రావడం గురించి ఎప్పుడు రాయబోయినా నాకు కలం ఒక్క క్షణం ఆగుతుంది.

ఆ పదార్థం జాడ కూడా మన దేశంలోనే దొరికింది. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, గర్భిణుల రక్తహీనతను పట్టుకుని కూర్చుంది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు ఎక్కువగా పడేవారు ఆ జబ్బున. ఈస్టుతో చేసిన మార్మైట్ అనే చవక పదార్థం పెడితే తేరుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఏముందో తెలియక చాలాకాలం దాన్ని ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి తీసినవాళ్లు, ఆకుకు లాటిన్ మాట ఫోలియం కాబట్టి ఫోలిక్ అని పేరు పెట్టారు. బొంబాయి మిల్లు స్త్రీల రక్తం, మద్రాసులో చదివిన తెలుగువాడి పట్టుదల కలిసి ఆ ఎర్ర మాత్రలోకి చేరాయి. మన కౌంటర్ల మీద దాన్ని అతి తేలిగ్గా తోసేస్తుంటే నాకు కష్టంగా ఉండేది అందుకే.

ఫోలిక్ యాసిడ్ నీళ్లలో కరుగుతుంది, ఎక్కువైతే మూత్రంలో పోతుంది. కాబట్టి ఇనుములా పేరుకుని చంపదు. దాని కీడు వేరే తీరుది, అది ఇంకో జబ్బును దాచిపెడుతుంది. విటమిన్ బి12 లోటు వల్ల కూడా రక్తం పలచబడుతుంది, నరాలూ దెబ్బతింటాయి. బి12 లోటున్న మనిషికి ఫోలిక్ యాసిడ్ పెద్ద మోతాదులో ఇస్తే రక్తం బాగైనట్టు కనిపిస్తుంది, నరాల నాశనం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 1945 తర్వాత కొత్త మందు చేతికొచ్చిన ఉత్సాహంలో బి12 లోటుతో వచ్చే పర్నీషియస్ అనీమియా రోగులకు ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన వైద్యులు, రక్తం లెక్కలు చూసి సంతోషపడేలోపే కొందరి కాళ్లు మొద్దుబారి నడక తప్పడం చూశారు.

షావుకారుపేటకు ఇది పుస్తకంలో మాట అనుకుని వదిలేసేది కాదు. ఈ వీధుల్లో ఉండేది ఎక్కువగా శాకాహారులు. జైనులు, మార్వాడీలు, గుజరాతీలు, మన ఆర్యవైశ్యులు. బి12 దొరికేది మాంసం, చేప, గుడ్డు, పాలల్లో. మొక్కల్లో లేదు. పాలూ పెరుగూ బాగా తీసుకునే ఇంట్లో కొంత గట్టెక్కుతుంది గానీ పలచని మజ్జిగ, రెండు పూటలా కాఫీలో పోసే పాలు దానికి చాలవు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునే వాళ్లకు బి12 మరింత తగ్గుతుంది. అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉండడం, చీకట్లో నడిస్తే తూలడం, నాలుక మంట, మతిమరుపు కనిపిస్తే ‘బలానికి’ ఇంకో అట్ట కొనుక్కోకుండా బి12 పరీక్ష చేయించుకోవాలి.

ఈ సంగతి తెలిసి కూడా మన షాపుల్లో అడగ్గానే చేతికొచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర అయిదు మిల్లీగ్రాములది. ఎర్ర మాత్రలో ఉండేదానికి పది రెట్లు. పెద్దవాళ్లు పర్యవేక్షణ లేకుండా రోజుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దని పోషకాహార నిపుణులు గీసిన గీతకు అయిదు రెట్లు. అయిదు మిల్లీగ్రాములు నిజంగా కావలసినవాళ్లు ఉన్నారు. అంతకుముందు వెన్నెముక సరిగా మూసుకోని బిడ్డను కన్న తల్లి, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ లాంటి మందులు వాడే స్త్రీ, డాక్టరు కారణం చెప్పి రాసిచ్చిన మరికొందరు. 1991లో వెలువడిన బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధనలో, అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు రోజుకు నాలుగు మిల్లీగ్రాములు ఇస్తే మళ్లీ అదే జరిగే ప్రమాదం 72 శాతం తగ్గింది. ఆ పెద్ద మోతాదు వాళ్ల కోసం. మిగతావాళ్లకు 400 మైక్రోగ్రాములు చాలు.

అయితే ఆ 400 ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మోతాదు కన్నా ముఖ్యం. శిశువు వెన్నెముక గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల లోపే. నెల తప్పిందని అనుమానం వచ్చి, ఇంట్లో చెప్పి, ఆసుపత్రికి వెళ్లేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడే, గర్భం రాకముందే మొదలుపెట్టి మూడు నెలలు నిండేదాకా వేసుకోవాలి. మన పెళ్లిళ్లలో ముహూర్తం దగ్గర నుంచి మండపం దాకా నెలల ముందే మాట్లాడుకుంటాం. పెళ్లికూతురి పెట్టెలో ఈ చిన్న మాత్ర పెట్టే తల్లి ఒక్కరైనా నాకు ఇంకా కనబడలేదు.

సుబ్బారావు లెడర్లీ బృందం నుంచే ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు తిరిగే మందులూ వచ్చాయి. రక్త క్యాన్సరు పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు వాడి, 1948లో ఫలితాలు ప్రకటించిన మందు వాటిలో ఒకటి. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వారానికి ఒక్కసారి ఇస్తారు. దాంతోపాటు నోటిపూత రాకుండా ఫోలిక్ యాసిడ్‌నూ రాస్తారు, డాక్టరు చెప్పిన వేరే రోజున. రెండూ చిన్న పసుపు మాత్రలే కావచ్చు. ఒకదాని బదులు ఇంకొకటి రోజూ మింగితే, అదీ మెథోట్రెక్సేట్ అయితే, ఎముక మజ్జ కుప్పకూలి ప్రాణం పోతుంది. ఇంట్లో ఆ రెండూ ఉన్నవాళ్లు రెండు డబ్బాల్లో పెట్టి, డబ్బా మీద వారం పేరు పెద్దక్షరాలతో రాసుకోవాలి.

ఇప్పుడు మన ప్రభుత్వ పథకం. దేశంలో గర్భిణులకూ పిల్లలకూ ఈ మాత్రలు పంచడం 1970లో మొదలైంది. 2013లో దాన్ని అన్ని వయసులకూ విస్తరించారు, 2018లో ‘అనీమియా ముక్త్ భారత్’ అని మళ్లీ సరిదిద్దారు. గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొక ఎర్ర మాత్ర 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలకు వారానికొకటి నీలం మాత్ర, అయిదు నుంచి తొమ్మిదేళ్ల వారికి వారానికొకటి గులాబీ మాత్ర, అందులో ఇనుము 45 మిల్లీగ్రాములు. ఆరు నెలలు దాటిన పసివాళ్లకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు సిరప్. రంగులు పెట్టింది ఒకరి మాత్ర ఒకరు మింగకుండా ఉండడానికే.

పంచడం బాగానే జరుగుతోంది, మింగడం దగ్గరే తేడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 180 రోజులూ మాత్రలు వేసుకున్న తల్లులు దేశం మొత్తం మీద 26 శాతమే. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత దేశంలో 57 శాతం, తమిళనాడులో 53.4, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. యాభై ఏళ్లుగా పంచుతున్నా ఇంకా సగానికి పైనే ఉందంటే మాత్రలో లోపమా, మనలో లోపమా అన్న వాదం సాగుతూనే ఉంది. కొందరు నిపుణులు కొలతనే ప్రశ్నించారు. వేలు పొడిచి తీసిన రక్తపు బొట్టుతో కొలిస్తే లెక్క తప్పుతుందని వాళ్ల మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలిచ్చినప్పుడు నరం నుంచి తీసిన రక్తాన్నే నమ్మమంది. ఈ వాదంలో నాకు తోచింది ఇది: శాతం నలభైయా యాభైయా అన్నది ఢిల్లీలో తేలవలసింది. కౌంటరు ముందున్న కోడలికి కావలసింది ఆమె హిమోగ్లోబిన్ ఎంతో తెలియడం, ఒక నెల మాత్రలు వాడాక మళ్లీ చూడడం. సరిగా వేసుకుంటే నెలకు సుమారు ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే మాత్ర మార్చే ముందు కారణం వెతకాలి. పదకొండు కన్నా తక్కువ ఉంటే గర్భిణికి రక్తహీనత. ఏడు కన్నా తక్కువైతే ఇంట్లో మాత్రలతో కూర్చోకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి.

మరి మింగలేకపోవడం ఎందుకు? వాంతి, మలబద్ధకం, నల్లగా వచ్చే మలం. వీటితో పాటు రెండు భయాలు మన ఇళ్లల్లో తరతరాలుగా ఉన్నాయి. ఈ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఒకటి, బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఇంకొకటి. మాత్ర వల్ల నల్లబడేది మలం మాత్రమే, పేగుల్లో మిగిలిపోయిన ఇనుము వల్ల. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కాన్పు కష్టమయ్యేది రక్తం లేని తల్లికి, కొంచెం రక్తస్రావానికే ఆమె ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క జాగ్రత్త: మలం నల్లగా, గట్టిగా ఉంటే ఇనుము. తారులా జిగటగా, భరించలేని వాసనతో వస్తే అది కడుపులో రక్తస్రావం కావచ్చు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వేళ గురించి అందరూ ఒకే సలహా ఇస్తారు, రాత్రి భోజనమైన రెండు గంటలకు నిమ్మరసంతో వేసుకోమని. వాంతి నిద్రలో గడిచిపోతుంది, నిమ్మలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. మంచి సలహా, మన ఇళ్లకు. కానీ షావుకారుపేటలో చాలా జైన కుటుంబాలు సూర్యాస్తమయం తర్వాత తినవు, నియమం గట్టిగా పట్టినవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ ఇంటి కోడలికి రాత్రి పది గంటలకు మాత్ర వేసుకోమంటే ఆమె తలూపుతుంది, వేసుకోదు. ఆమెకు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళ చెప్పాలి. పర్యూషణం లాంటి ఉపవాసాల రోజుల్లో గర్భిణి ఏం చేయాలో ఆ ఇంటి పెద్దలతో, వాళ్ల డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

తెలుగిళ్లల్లో అడ్డం కాఫీ. పొద్దున ఇడ్లీ, వెంటనే డికాక్షన్ కాఫీ, ఆ గుక్కతోనే మాత్ర. భోజనంతో పాటు ఒక కప్పు కాఫీ తాగితే అందులోని ఇనుము పట్టడం 39 శాతం తగ్గిందనీ, టీ అయితే 64 శాతం తగ్గిందనీ అమెరికాలో 1983లో కొలిచారు. తిన్న గంటకు తాగినా నష్టం అంతే, తినడానికి గంట ముందు తాగితే మాత్రం నష్టం లేదు. కాఫీ మానమని షావుకారుపేటలో ఎవరూ ఎవరికీ చెప్పలేరు, చెప్పనక్కర్లేదు. ముందు కాఫీ తాగి, గంట ఆగి మాత్ర వేసుకుంటే చాలు. పాలు, కాల్షియం మాత్ర, అసిడిటీ మందు కూడా ఇనుముతో ఒకేసారి వద్దు. కాల్షియం ఒక పూట, ఇనుము ఇంకో పూట. థైరాయిడ్ మాత్రకూ ఇనుముకూ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేదంటే థైరాయిడ్ మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌ల విషయంలోనూ ఇదే జాగ్రత్త.

రోజూ వేసుకోవాలా, రోజు విడిచి రోజా అన్న ప్రశ్న ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. ఒక మోతాదు వేసుకున్నాక హెప్సిడిన్ దాదాపు ఇరవై నాలుగు గంటలు పెరిగి తలుపు మూస్తుంది. అందుకే రోజు విడిచి రోజు ఇస్తే ప్రతి మాత్రలోంచీ పట్టే భాగం ఎక్కువని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ పరిశోధకులు 2017లో చూపించారు, 16.3 శాతానికి బదులు 21.8. కడుపు మంటతో మాత్ర మానేయబోతున్న, గర్భం లేని స్త్రీకి ఇది గొప్ప వెసులుబాటు. గర్భిణికి మాత్రం తొమ్మిది నెలల గడువుంది, అవసరం పెద్దది. ప్రభుత్వ పథకం ఇంకా రోజుకొకటే చెబుతోంది. డాక్టరు మార్చమంటే తప్ప ఆమె మార్చుకోకూడదని నా అభిప్రాయం.

ఎవరు వేసుకోకూడదన్న సంగతి, ఎవరు వేసుకోవాలన్నదాని కన్నా తక్కువగా మాట్లాడతాం. తలసీమియా లక్షణం మోసే సింధీ, పంజాబీ, గుజరాతీ లోహాణా, కచ్ కుటుంబాలు చెన్నైలో ఉన్నాయి. వాళ్ల రక్తకణాలు పుట్టుకతోనే చిన్నవి. హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ కనిపించగానే ఇనుము లోటని ఏళ్ల తరబడి మాత్రలు మింగినవాళ్లను నేను చూశాను. ఇనుము నిల్వ చూపే ఫెర్రిటిన్ పరీక్ష, హిమోగ్లోబిన్ రకాల పరీక్ష చేస్తే తేలిపోయేది. ఇంకొకరు, గల్లాపెట్టె దగ్గర కూర్చునే అరవై ఏళ్ల మగమనిషి. నీరసంగా ఉందని బలం మాత్రలు వేసుకుంటాడు, నిజంగానే కొంచెం తేరుకుంటాడు. మగవాడికి, ముట్లుడిగిన స్త్రీకి ఇనుము తగ్గిందంటే ఎక్కడో రక్తం పోతోందని అనుమానించాలి. కడుపులో పుండు కావచ్చు, పెద్దపేగులో క్యాన్సరు కావచ్చు. మాత్ర ఆ కబురును మూసిపెట్టేస్తుంది. ఆఫ్రికాలోని పెంబా ద్వీపంలో మలేరియా ఎక్కువున్న చోట చిన్నపిల్లలందరికీ ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూస్తే తీవ్రమైన జబ్బులూ మరణాలూ పెరిగాయని 2006లో ప్రకటించారు. అప్పటి నుంచి మలేరియా ప్రాంతాల్లో మలేరియా నివారణ లేకుండా పసిపిల్లలకు ఇనుము ఇవ్వొద్దంటున్నారు. రేషను బియ్యంలోనూ కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము కలిపి పంచుతూ వచ్చారు. అది చిన్న మోతాదే అయినా, తలసీమియా రోగి ఉన్న ఇల్లు డాక్టరుకు చెప్పవలసిన సంగతి.

పిల్లల సంగతి చివరికి ఉంచాను, రాయడం కష్టం కాబట్టి. 2023 మార్చిలో ఊటీలో ఒక పాఠశాలలో పిల్లలు ఇనుము మాత్రలు ఎవరు ఎక్కువ మింగుతారని పందెం వేసుకున్నారు. కాలేయం దెబ్బతిని, మెరుగైన వైద్యానికి చెన్నైకి తీసుకొస్తుండగా దారిలోనే ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి చనిపోయింది. అది విషమని ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు, పెద్దవాళ్లందరూ దాన్ని బలమనే అన్నారు.

లెక్క చూడండి. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు దాటితే కడుపు తిరుగుడు మొదలవుతుంది, 60 దాటితే ప్రాణాపాయం. పది కిలోల పసివాడికి 60 మిల్లీగ్రాముల ఎర్ర మాత్రలు పది. 100 మిల్లీగ్రాముల షాపు మాత్రలయితే ఆరు. ఆ పెద్దావిడ చేతిసంచిలో పడ్డవి సరిగ్గా ఆరు. పంచదార పూత, మెరిసే ఎరుపు. ఇంట్లో రెండేళ్ల మనవడు ఉంటే వాడికి అది మిఠాయే.

మింగిన మొదటి ఆరు గంటల్లో వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తంతో. ఆ తర్వాత బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తుంది, ఆడుకుంటుంది కూడా. ఈ ఘట్టమే అన్నిటికన్నా మోసకారిది. గండం గడిచిందని ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఆ నిమ్మళం వెనకాలే, ఒక రోజు తిరిగేలోపు, రక్తపోటు పడిపోవడం, కాలేయం చెడడం మొదలవుతాయి. కాబట్టి మాత్రలు మింగాడని తెలిసిన క్షణమే, లక్షణాలు ఉన్నా లేకున్నా, 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో వేళ్లు పెట్టి కక్కించకూడదు. విషాలకు వాడే బొగ్గు పొడి ఇనుమును పట్టుకోదు. ఇనుమును పట్టుకుని బయటికి లాగే డెఫెరాక్సమీన్ అనే మందు ఆసుపత్రిలోనే ఇవ్వగలరు. ఖాళీ అట్టను, మిగిలిన మాత్రలను వెంట తీసుకెళ్లాలి. డాక్టరు మొదట అడిగేది ఎన్ని మింగాడు, ఒక్కోదాంట్లో ఎంత ఇనుము అనే. అట్ట కోసి అమ్మితే ఆ రెండో ప్రశ్నకు జవాబు ఉండదు.

ఆ సాయంత్రం షాపు ముందు నేను ఊరుకోలేకపోయాను. ఆ ఆరు మాత్రల ముక్క వెనక్కి తీసుకుని, అచ్చు ఉన్న పూర్తి అట్ట చూపించమని షాపతన్ని అడిగాను. అతను నొచ్చుకోలేదు, కొత్త అట్ట తీసి లైటు కింద పెట్టాడు. కోడలు వంగి చదివింది.

“అత్తయ్యా, ఇందులో వంద ఉందంట. ఆసుపత్రిదాంట్లో అరవయ్యే.”

“అయితే రెండూ వేసుకోవద్దంటావా?”

“నేను కాదు. సిస్టర్ చెప్పాలి. రేపు పొద్దున ఆ డబ్బా, ఈ అట్ట, నీ కాల్షియం బిళ్లలు కూడా తీసుకుపోదాం. వాంతొస్తా ఉందని కూడా అప్పుడే చెప్తాను.”

పెద్దావిడ కాసేపు ఆలోచించి, అట్టను పేపర్లో చుట్టి సంచిలో వేసుకుంది. రెండడుగులు వేసి మళ్లీ ఆగి కోడలితో అంది: “ఇంటికి పోంగానే ఆ డబ్బా తీసి పై అలమర్లో పెట్టాల. బుజ్జిగాడికి అందేటట్టు మంచం పక్కనే ఉంది.”